ఐదు కిలోలు వేస్తే నాలుగున్నరే వస్తుంది

"అక్కా, మీ కందిపొడి బాగా పోతాంది. ఇంకో నూరు ప్యాకెట్లు పంపించండి."

2023 శ్రావణమాసంలో, బెంగళూరులో మా మున్నేకొళాలలో ప్రొవిజన్ స్టోర్ నడిపే చిత్తూరాయన ఫోన్ చేసి ఈ మాట అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ రోజు సాయంత్రం మా ఆయనకి మిరపకాయ బజ్జీలు వేసి మరీ చెప్పాను. వ్యాపారం మొదలుపెట్టి అప్పటికి ఏడాది దాటింది. గుంటూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడి, ఇంట్లో చేసుకునే పొడులనే నలుగురికీ అమ్ముదామనుకున్న మనిషిని. నూరు ప్యాకెట్లు ఒకేసారి ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి మా ఆయన బజ్జీ తింటూ, "ప్యాకెట్‌కి నీకెంత మిగులుతుంది?" అన్నాడు. టక్కున 23 అన్నాను. "ఎలా?" అన్నాడు. పుస్తకం తెచ్చి చూపించాను. అక్కడ దొరికిపోయాను.

నా లెక్క ఇదీ. ఒక వాయకి కందిపప్పు మూడు కిలోలు, పుట్నాలు కిలో, ఎండుమిర్చి 400 గ్రాములు, జీలకర్ర 150, వెల్లుల్లి 200, ఉప్పు 300. అప్పటి ధరల్లో మొత్తం 800 రూపాయలు. సరుకు దాదాపు ఐదు కిలోలు కాబట్టి పావుకిలో ప్యాకెట్లు 20. ప్యాకెట్‌కి 40. పౌచ్, స్టిక్కర్ కలిపి 9. మొత్తం 49. నేను పెట్టిన ఎమ్మార్పీ 90, దుకాణాయన కమీషన్ 20 శాతం పోగా నా చేతికి 72. అంటే 23 మిగులు.

"పోయినవారం ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి?" అన్నాడు. 17 అన్నాను. "మరి 20తో ఎందుకు భాగించావు?"

నిజమే కదా. పప్పు వేయించితే తడి పోతుంది, మిర్చి తొడిమలు పోతాయి, పిండిమరలో అంటుకున్నది, జల్లెడలో మిగిలిన రవ్వ, అన్నీ పోను చేతికొచ్చేది 4 కిలోల 600 గ్రాములు. దాంట్లో 18 ప్యాకెట్లు రావాలి. నాకు 17 ఎందుకు వచ్చాయంటే, నేను పావుకిలోకి 258 గ్రాములు వేసేదాన్ని. మా అమ్మ ఏది కొలిచినా కొసరు వేస్తుంది, నాకూ అదే చెయ్యి వచ్చింది. పైగా నా దగ్గరున్నది ఆన్‌లైన్‌లో కొన్న వంటింటి కాటా, ఒకసారి 250 చూపిస్తే మళ్ళీ పెట్టినప్పుడు 254 చూపించేది. తక్కువ వేశానన్న మాట పడకూడదని ఎక్కువే వేసేదాన్ని.

ఇప్పుడు 800ని 17తో భాగించండి, 47. పౌచ్‌కి 9. గ్యాస్, కరెంటు 4. నాతో పనిచేసే ఆమెకి రోజుకి 600, రోజుకి రెండు వాయలు, అంటే ప్యాకెట్‌కి 18. దుకాణానికి చేర్చే ఖర్చు 3. మొత్తం 81. నాకొచ్చేది 72. చిత్తూరాయన ఇంకో నూరు పంపమన్నాడంటే, 900 రూపాయలు నేను ఎదురిచ్చి పొడి తినిపిస్తున్నానన్నమాట. అందులో నా కూలి ఇంకా కలపనే లేదు.

ఆమె కూలి ఇన్నాళ్ళూ లెక్కలో ఎందుకు లేదంటారా? ఇంటి ఖర్చుల డబ్బాలోంచి ఇచ్చేదాన్ని. అంట్లు తోమే ఆమె కూడా ఆవిడే కాబట్టి, అన్నీ కలిసిపోయాయి.

తర్వాత చేసిన పనులు రెండు. ప్రభుత్వ ముద్ర వేసిన కాటా కొన్నాను. తూచి అమ్మేవాళ్ళ దగ్గర ఉండాల్సింది అదే, దానికి తూనికలు కొలతల శాఖ వాళ్ళతో ఏటా మళ్ళీ ముద్ర వేయించుకోవాలి కూడా. చట్టం సంగతి అటుంచి, ఆ కాటా వచ్చాక 17 కాస్తా 18 అయ్యాయి. ఒక్క కొసరు మానేసినందుకే ప్యాకెట్ ఖర్చు 81 నుంచి 77కి దిగింది. రెండో పని, ధర 130 చేశాను. "ఎవురూ కొనరక్కా" అన్నాడు చిత్తూరాయన. నెలకి 200 పోయేవి 120కి పడిపోయిన మాట నిజం. కానీ కమీషన్ పోను 104 వస్తోంది, ప్యాకెట్‌కి 27 మిగులుతోంది. 120 అమ్మి 3,240 సంపాదించడం నయమా, 200 అమ్మి 1,800 పోగొట్టుకోవడం నయమా? తక్కువ పనితో లాభం. నాలుగు నెలలకి మళ్ళీ 180 దాకా వచ్చింది.

లెక్క వచ్చిన కొత్తలో మనిషికి ఒక పిచ్చి పడుతుంది. ప్రతిదాంట్లో రూపాయి తగ్గిద్దామని. నాకు పౌచ్ మీద పడింది. సాదా పౌచ్ 6.50, స్టిక్కర్ 2.50, కలిపి 9. అదే రంగుల్లో ప్రింట్ చేసిన పౌచ్ ఐదువేలు తీసుకుంటే ఒక్కోటి 6 రూపాయలకి ఇస్తామన్నారు. ప్యాకెట్‌కి 3 మిగులు, చూడటానికి కంపెనీ సరుకులా ఉంటుంది. 30 వేలు పోసి తెచ్చాను. పదకొండు వందలు వాడానో లేదో, ఇంటి ఓనర్ అద్దె ఒకేసారి ఏడు వేలు పెంచాడు. ఇల్లు మారాం. ప్యాకెట్ మీద తయారుచేసినవాళ్ళ అడ్రస్ ఉండి తీరాలి, నా 3,900 పౌచ్‌ల మీద పాత అడ్రస్. దానిమీద ఇంకో స్టిక్కర్ అంటిద్దామంటే, "డేట్ ఏమన్నా దాచినారేమో అనుకుంటారక్కా" అని చిత్తూరాయనే వద్దన్నాడు. 23,400 రూపాయలు మంచం కింద అట్టపెట్టెల్లోకి చేరాయి.

ఇప్పుడు సాదా పౌచ్, స్టిక్కరే. స్టిక్కర్లు ఒక్కసారికి 500 మించి వేయించను. ధర మారుతుంది, ఫోన్ నంబర్ మారుతుంది, ఏదో ఒకటి మారుతుంది. సుల్తాన్‌పేట వీధుల్లో పేపరు, ప్రింటింగు పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాలుగు చోట్ల అడగండి. మొదటి దుకాణం చెప్పిన రేటు రేటు కాదు. అక్కడ తెలుగు మాట్లాడితే పని జరుగుతుంది గానీ, కన్నడంలో "స్వల్ప కమ్మి మాడి అన్నా" అంటే రేటు కాస్త తొందరగా దిగుతుంది. నేను 335ఈ ఎక్కి మెజెస్టిక్‌లో దిగి నడుచుకుంటూ పోతాను. 2023 జూన్ నుంచి శక్తి పథకంలో ఆడవాళ్ళకి జీరో టికెట్. ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో కర్ణాటక అడ్రస్ ఉండాలి, ఏసీ బస్సులో చెల్లదు. నెలకి నాలుగుసార్లు ఆటోలో పోయి వస్తే ఎంతవుతుందో మారతహళ్ళి వైపు ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మిషన్ల గురించి ఒక్క ముక్క. మొదటి ఏడాది ఏమీ కొనకండి. నేను మర దగ్గర ఆడించేదాన్ని. ఒకసారి నాకంటే ముందు ఎవరో ధనియాలు ఆడించుకుపోయారు, నా కందిపొడి మొత్తం సాంబారు వాసన. అప్పటినుంచి పొద్దున్నే మర తెరిచే వేళకి పోయి, మొదట అరకిలో బియ్యం ఆడించి మర కడిగినట్టు చేసి, తర్వాత నా సరుకు ఆడించేదాన్ని. ఆ బియ్యప్పిండితో ఇంట్లో చెక్కలు. నెలకి వంద కిలోలు దాటాకే సెకండ్ హ్యాండ్ పల్వరైజర్, అంటే పొడికొట్టే మిషన్, కొన్నాను.

ఎండుమిర్చి ఒక్కటే నేను ఏడాదికి సరిపడా కొనేది. ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు యార్డుకి కొత్త పంట దిగుతుంది. మా తమ్ముడు 334 రకం చూసి బస్తా కట్టించి ట్రావెల్స్ బస్సులో వేస్తే, తెల్లారేసరికి మారతహళ్ళి వంతెన దగ్గర దించుతారు. ఇక్కడ దొరికే బ్యాడగిలో రంగు ఉంటుంది, ఘాటు తక్కువ. రెండూ కలిపితే కర్ణాటకవాళ్ళకీ మనవాళ్ళకీ సరిపోతుంది. మిగతా సరుకులు ఏవైనా పదిహేను రోజులకి మించి తెచ్చిపెట్టుకోను. పప్పు చవగ్గా ఉందని బస్తాలు దింపితే మన డబ్బు పప్పు రూపంలో పురుగు పడుతుంది. ఆవకాయ ఎందుకు పెట్టవు అని అందరూ అడుగుతారు. ఇక్కడ విరివిగా దొరికేది తోతాపురి, మన ఊళ్ళో బెంగళూరు మామిడి అంటామే, అదే. బెంగళూరులో బెంగళూరు మామిడితో ఆవకాయ పెడితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు.

కాగితాల సంగతి. ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయిస్తానని ఒక ఏజెంటు 3,500 అడిగాడు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ సైట్‌లో నేనే కూర్చుని చేసుకున్నాను. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కైతే అసలు ఫీజే లేదు. ఉద్యమ్‌కి డబ్బు అడుగుతోందంటే అది ప్రభుత్వ సైట్ కాదని అర్థం.

ఆ ఉద్యమ్ సర్టిఫికెట్ ఎందుకని నేనూ మొదట అనుకున్నాను. మాకు దగ్గర్లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌కి సరుకు వేశాను, 38 వేలు బాకీ పెట్టి నాలుగు నెలలు తిప్పారు. అకౌంట్స్ ఆయన ఎప్పుడు పోయినా "నెక్స్ట్ వీక్ మేడమ్" అనేవాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆడిటర్ గారున్నారు, ఆయన చెప్పారు: ఉద్యమ్‌లో నమోదైన నాలాంటి చిన్న తయారీదారులకి, రాతపూర్వకంగా ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇంకోటి వచ్చింది, ఆ గడువు దాటిన బాకీని కట్టేదాకా కొన్నవాళ్ళు తమ ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేరు. పన్ను లెక్కల ఏడాది ముగిసేది మార్చిలోనే కాబట్టి, ఆ నెల మొదటివారంలో ఉద్యమ్ నంబర్ వేసిన ఇన్‌వాయిస్ కాపీ పట్టుకుపోయి ఈ ముక్క మర్యాదగా చెప్పాను. మూడో వారంలో డబ్బు పడింది. మళ్ళీ వాళ్ళకి సరుకు వేయలేదు, అది వేరే సంగతి.

అసలు నిద్రపట్టని రాత్రులు మాత్రం 2025 జూలైలో. యూపీఐ లావాదేవీలు చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ వేలమంది చిన్న వ్యాపారులకి నోటీసులు పంపింది. బేకరీలు, కాండిమెంట్స్ దుకాణాలు, కూరగాయల వాళ్ళు. మా వీధిలోనే రెండు చోట్ల క్యూఆర్ కోడ్ పీకేసి "ఓన్లీ క్యాష్" అని కాగితం అంటించారు. నాకు నోటీసు రాలేదు, సరుకులు అమ్మేవాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే, ఏడాదికి 40 లక్షల అమ్మకం హద్దుకి నేను ఆమడ దూరంలో ఉన్నాను. అయినా టెన్షన్ ఎందుకంటే, నా క్యూఆర్ కోడ్‌లోకి వచ్చిన డబ్బంతా పొడి డబ్బు కాదు. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి చందాలు లక్షా ఎనభై వేలు దాంట్లోకే వచ్చాయి. మా మరిది తీసుకున్న చేబదులు తిరిగి వేసింది దాంట్లోకే. ఎవరైనా అడిగితే ఏది ఏదో నేను చెప్పగలనా? రెండు రాత్రులు స్టేట్‌మెంట్ ముందేసుకుని పసుపు స్కెచ్ పెన్నుతో గీతలు గీశాను. సగం పేర్లు ఎవరివో గుర్తే రాలేదు.

తర్వాత ముఖ్యమంత్రి వ్యాపారులతో మాట్లాడాక ఆ గొడవ చల్లారింది. నేను మాత్రం ఆ వారమే వ్యాపారానికి వేరే అకౌంటు, వేరే సిమ్, వేరే క్యూఆర్ పెట్టుకున్నాను. ఒకటో తారీఖున అందులోంచి నా అకౌంటుకి 8,000 జీతం వేసుకుంటాను. ఇంట్లోకి ఏం కావాలన్నా ఆ ఎనిమిది వేలే, డబ్బాలోంచి తీయడం లేదు. ఇంకో మాట, హైదరాబాద్ చుట్టాలు పొడులు పంపమంటారు. రాష్ట్రం దాటించి అమ్మాలంటే 40 లక్షల లెక్క పనిచేయదు, మొదటి ప్యాకెట్ నుంచే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. అందుకని వాళ్ళకి అమ్మను. సంక్రాంతికి పోయినప్పుడు ఊరికే ఇచ్చి వస్తాను, అది ఇంటి డబ్బాలో ఖర్చు.

ఇన్‌స్టాలో ప్రకటనకి ఒకసారి ఆరు వేలు పెట్టాను. లైకులు చాలా వచ్చాయి, ఆర్డర్లు రెండు. ఆ రెండో ఆర్డరు మా పిన్నిది.

పాత అడ్రస్ పౌచ్‌లు ఇంకా రెండు వేల పైనే ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి కరివేపాకు ఇచ్చినా, చింతపండు ఇచ్చినా అందులోనే. మొన్న మూడో అంతస్తు పిల్లాడు గోళీలు పోసుకోవడానికి కవరు అడిగాడు. ఒకటి చాలా అంటే, "పది ఇవ్వండి ఆంటీ, మా ఫ్రెండ్స్‌కి కూడా" అన్నాడు. పాతిక ఇచ్చాను.