రెఫరీ రాత పరీక్ష: వింత స్కోర్ల ప్రశ్నలు ఎలా చదవాలి

బాస్కెట్‌బాల్ రెఫరీ పరీక్షకి చదివేవాళ్ళు ఫౌల్స్ మీద రోజులకి రోజులు పెడతారు, ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో గోల్, దాని విలువ గురించి చెప్పే 16వ ఆర్టికల్‌ని మాత్రం ఒక్కసారి తిరగేసి వదిలేస్తారు. అది చిన్నదే, కానీ మెలిక ప్రశ్నలు ఎక్కువగా పుట్టేది అక్కడే. దాన్ని 31వ ఆర్టికల్‌తో (గోల్‌టెండింగ్, అంటే బాస్కెట్ వైపు వెళ్తున్న బంతిని నిబంధనకి విరుద్ధంగా ముట్టుకోవడం) కలిపి చదవండి.

ప్రశ్న చూడగానే ఆప్షన్ల జోలికి వెళ్ళకండి. బంతి ఎక్కణ్ణించి వదిలారు, అది షాటా పాసా, దారిలో దేన్ని తాకింది, ఈ మూడూ ముందు తేల్చుకోండి. మూడు పాయింట్ల ఏరియా నుంచి వేసిన షాట్ పైకి లేస్తుండగా, రెండు పాయింట్ల ఏరియాలో ఉన్న డిఫెండర్ వేలు తగిలి లోపల పడిందనుకోండి: మూడు పాయింట్లే. షాట్ విలువ వదిలిన చోటే ఖరారైపోతుంది. అదే చోటి నుంచి విసిరింది పాస్ అయితే లెక్క మారుతుంది. నేరుగా రింగ్‌లో పడితే మూడు. రెండు పాయింట్ల ఏరియాలో నేలని గానీ అక్కడున్న ఆటగాణ్ణి గానీ తాకి పడితే రెండే. మూడు పాయింట్ల ఏరియాకి హద్దుగా ఉండే 6.75 మీటర్ల గీత ఆ ఏరియా కిందికి రాదు, కాబట్టి గీత మీద కాలుంటే రెండే.

సొంత బాస్కెట్ ప్రశ్నలో ఒక్క మాట మీద కన్నుండాలి: పొరపాటునా, కావాలనా? పొరపాటున పడితే ప్రత్యర్థికి రెండు పాయింట్లు, స్కోర్‌షీట్‌లో వాళ్ళ కోర్టులో ఉన్న కెప్టెన్ నంబర్. కావాలని వేస్తే వయొలేషన్ (ఫౌల్ కాని నియమోల్లంఘన), గోల్ చెల్లదు. త్రో-ఇన్ (గీత బయటి నుంచి కోర్టులోకి విసిరే బంతి) నేరుగా బాస్కెట్‌లో పడ్డా, కింది నుంచి బంతి మొత్తం పైకి దూరినా అంతే, వయొలేషనే.

చివరి ఫ్రీ త్రో (ఫౌల్‌కి ఇచ్చే, ఎవరూ అడ్డుకోకూడని ఒక పాయింట్ షాట్) రింగ్‌ని తాకాక ఎవరైనా నిబంధన ప్రకారం ముట్టుకుని అది లోపల పడితే ఒకటి కాదు, రెండు. తాకకముందే డిఫెండర్ అడ్డుకుంటే గోల్‌టెండింగ్: ఒక పాయింట్, పైగా ఆ డిఫెండర్‌కి టెక్నికల్ ఫౌల్ (ప్రత్యర్థిని తాకకుండా చేసిన తప్పుకి వేసే ఫౌల్). ఈ రెండో సగం చాలామంది రాయరు, మార్కు అక్కడే పోతుంది.

ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఎక్కువగా చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక. మామూలు షాట్ రింగ్‌ని తాకాక, బంతి ఇంకా రింగ్ పైనే ఉన్నా ఫిబాలో దాన్ని తట్టేయొచ్చు, ఎన్‌బీఏలో కుదరదు. టీవీలో చూసిన ఆటతో జవాబు రాయకండి.

గడియారం ప్రశ్నలకి 0.3 సెకను గుర్తుంటే చాలు. త్రో-ఇన్ గానీ చివరి ఫ్రీ త్రో రీబౌండ్ (లోపల పడక తిరిగొచ్చిన బంతి) గానీ అందుకుని షాట్ వేయాలంటే కనీసం అంత మిగిలుండాలి. 0.2, 0.1 ఉంటే గాల్లోనే తట్టి వేసిన గోల్, నేరుగా చేసిన డంక్ (చేత్తో బంతిని రింగ్‌లోకి కుక్కడం) మాత్రమే చెల్లుతాయి.

మ్యాచ్ పూర్తిగా ఆడకుండానే ఒక జట్టు ఓడినప్పుడు రాసే 20-0, 2-0 స్కోర్ల తేడా కూడా అడుగుతారు. ఆడటానికి నిరాకరిస్తే ఫోర్‌ఫీట్, 20-0. కోర్టులో ఒక జట్టుకి ఇద్దరికంటే తక్కువ ఆటగాళ్ళు మిగిలితే డిఫాల్ట్: గెలిచిన జట్టు అప్పటికే ముందుంటే ఉన్న స్కోరే నిలుస్తుంది, లేకపోతే 2-0.