పది బస్తాలు రెండయ్యాయి

మా బాబాయికి ఎరువుల దుకాణం ఉంది. ఎవరికెన్ని బస్తాలిచ్చాడో సాయంత్రం కూడి చూసుకోవడానికి జావాస్క్రిప్ట్‌లో చిన్న పేజీ రాసిచ్చాను. ఇంట్లో ఒక్క గడిలో 10 కొట్టి చూశా, మొత్తం 10 వచ్చింది. ఇంకేం, అయిపోయిందనుకున్నా.

మర్నాడే ఫోన్. "ఒరేయ్, మొత్తం దగ్గర నాన్ అని వస్తోంది. మనది రొట్టెల కొట్టనుకుందా ఏంటి?"

నాన్ అంటే అది నంబర్ కాదని. ఎవరో గడి ఖాళీగా వదిలేసుంటారులే అని, ఫిల్టర్ పెట్టి నాన్‌లన్నీ ఏరి పారేశా. ఇంతకంటే చెత్త పని ఇంకోటి చేయలేదు. ఆ సాయంత్రం నలుగురికి తలా 10 బస్తాలు వెళ్లాయి, పేజీ 15 అంది. నాన్ ఉన్నప్పుడు తప్పుందని కనీసం తెలిసేది. ఇప్పుడు అంకె కనబడేసరికి పాపం బాబాయి తన మీదే అనుమానంతో గోడౌన్‌కి వెళ్లి బస్తాలన్నీ మళ్లీ లెక్కపెట్టాడట.

రాత్రి ఫిల్టర్ తీసేసి, మ్యాప్ (జాబితాలోని ఒక్కో విలువనీ మనం చెప్పిన ఫంక్షన్‌కి ఇచ్చి మార్పించేది) నుంచి బయటికొచ్చే అర్రేని, అంటే విలువల జాబితాని, బ్రౌజర్ కన్సోల్‌లో చూశా. 10, నాన్, 2, 3. లోపలికి వెళ్లినవి నాలుగూ "10"లే!

గడుల్లోంచి వచ్చేవి స్ట్రింగులు, అంటే అక్షరాల రూపంలో ఉన్నవి కదా, నంబర్లుగా మార్చమని మ్యాప్‌కి పార్స్‌ఇంట్ అనే ఫంక్షన్‌ని నేరుగా అప్పగించాను. మ్యాప్ ఒక్క విలువ ఇచ్చి ఊరుకోదు, వెంట ఇండెక్స్‌నీ (0 నుంచి మొదలయ్యే వరుస సంఖ్య), మొత్తం అర్రేనీ కూడా పంపిస్తుంది. పార్స్‌ఇంట్ రెండో ఆర్గ్యుమెంట్‌ని, అంటే తనకి రెండోదిగా అందిన విలువని, బేస్ (ఎన్ని అంకెల పద్ధతిలో చదవాలో చెప్పే సంఖ్య) అనుకుంటుంది. మొదటి "10"కి బేస్ 0 వెళ్లింది, అంటే ఏమీ చెప్పనట్టే, మామూలు పదిగా చదివింది. రెండోదానికి బేస్ 1, అలాంటి బేస్‌ని అది ఒప్పుకోదు, అందుకే నాన్. మూడోది బేస్ 2లో, అంటే బైనరీలో 10, దాని విలువ 2. నాలుగోది బేస్ 3లో, అంటే 3. ఒక్క గడితో పరీక్షిస్తే దొరక్కపోవడంలో వింతేముంది.

పార్స్‌ఇంట్ బదులు నంబర్ ఫంక్షన్ పెడితే సరిపోయేదే. కానీ కొట్లో కుర్రాడు గడిలో "10 బస్తాలు" అని కూడా కొడతాడు, నంబర్ దానికీ నాన్ ఇస్తుంది. పార్స్‌ఇంట్ అయితే ముందున్న పదిని తీసుకుంటుంది. అందుకని చిన్న యారో ఫంక్షన్ రాసి, విలువ ఒక్కటే తీసుకుని, బేస్ 10 అని నేనే చేత్తో ఇచ్చా.

ఈసారి నాలుగు గడుల్లోనూ 10 కొట్టి చూశాకే పంపించాను. బాబాయి మాత్రం నోటు పుస్తకంలో కూడా కూడుతూనే ఉన్నాడు.