దేవదుర్గ బస్టాండులో సుగ్గి మూటలు

ఫ్రెండు వాళ్ళ చెల్లి పెళ్ళికని బెంగళూరు నుంచి రాయచూరు పోయినా. రాత్రి ట్రైనెక్కితే పొద్దున మా ఆదోని, కోసిగి దాటి తుంగభద్ర బ్రిడ్జి మీదుగా రాయచూరులో దింపింది. స్టేషన్ బయట వగ్గరణి మిర్చి తిన్నా, పేరే తేడా, మన ఉగ్గాని బజ్జీనే!

అక్కడినుంచి దేవదుర్గకి బస్సు. నారాయణపుర కాలువ నీళ్ళు అందిన కాడ వరి, అందనికాడ పత్తి, కంది. ఏ ప్రాంతం ఎంత వెనకబడిందో చూడమని కర్ణాటక సర్కారు వేసిన నంజుండప్ప కమిటీ 2002లో ఆ రాష్ట్రంలోని 175 తాలూకాల్లో 114 వెనకబడినవని తేల్చింది, వాటిల్లో 39 మరీ ఘోరం, ఆ లిస్టులో అన్నిటికంటే అడుగున ఉన్నది ఈ దేవదుర్గే. ఈ రాయచూరు జిల్లాలోనే శక్తినగర్ థర్మల్ కరెంటు, హట్టి బంగారు గనులు ఉన్నాయి మళ్ళీ. రాయచూరుకి ఐఐటీ ఇయ్యమని కూడా ఆ కమిటీయే చెప్పింది, 2016లో అది ధార్వాడకి పోయింది. ఆ కడుపుమంట పెళ్ళి పందిట్లో కూడా వినబడింది.

అయితే పెళ్ళికూతురి అన్న డాక్టరు, 371జె కోటాలో సీటు వచ్చిందంట. 2012లో రాజ్యాంగ సవరణ చేసి తెచ్చిన ఆర్టికల్ అది, ఈ ప్రాంతపోళ్ళకి సీట్లలో ఉద్యోగాల్లో వాటా. మంచిదే, కాదనను. కానీ వాళ్ళకి కాలువ కింద ఇరవై ఎకరాలుంది, పిల్లోన్ని ఇంటర్‌కి హైదరాబాద్ పంపగలిగినారు.

తిరుగు ప్రయాణంలో స్లీపర్ దొరక్క మామూలు ఎక్స్‌ప్రెస్ కోసం బస్టాండులో కూచున్నా. పక్కన ఒక కుటుంబం, స్టవ్వు, బకెట్టు, దుప్పట్ల మూట. పదేళ్ళ పాప చంకలో తమ్ముడు, భుజానికి స్కూలు బ్యాగు. ఏ క్లాసమ్మా అని నా అరకొర కన్నడలో అడిగితే "ఐదనే" అని బ్యాగు జిప్ తీసి తమ్ముడికి ఎండు జొన్నరొట్టె ముక్క తుంచి ఇచ్చింది, లోపల ఇంకా రొట్టెలే ఉన్నాయి, పుస్తకం ఒక్కటి లేదు. బెంగళూరులో బిల్డింగ్ పనికి పోతున్నారు. వాళ్ళు దీన్ని గుళే అంటారు, మా కోసిగి పక్క సుగ్గికి పోవడం అంటాం, మావోళ్ళయితే గుంటూరు మిరపకాయ కోతకి.

తాలూకా వెనకబడిందని లెక్కేసినోళ్ళు ఆ తాలూకాలో ఎవరు వెనకబడినారో కూడా లెక్కేసుంటే ఈ పాపకేమైనా దక్కేదేమో. బస్సొచ్చింది. కర్ణాటకలో ఆడోళ్ళకి బస్సు ఫ్రీ చేసిన శక్తి స్కీమ్ కాబట్టి తల్లికీ పాపకీ జీరో టికెట్, తండ్రి ఒక్కడే లుంగీ మడతలోంచి నలిగిన నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెట్టినాడు.