బావ విమానానికి వైరింగ్ చేసి, పీకేసి, మళ్లీ చేసిన కథ

మా అక్క భర్త ఘట్‌కేసర్ దగ్గర ఒక రేకుల షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టుకుంటున్నాడు. ఎవరో సగం కట్టి వదిలేసిన కిట్ అది. రెక్కలు, రివెట్లు బావ చూసుకుంటాడు, కరెంటు పని నాకు అప్పజెప్పాడు, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా నా బతుకుదెరువే అది: ఇళ్లకు వైరింగ్, ఇన్వర్టర్లు, అప్పుడప్పుడు తెలిసినవాళ్ల కార్లు. "పన్నెండు వోల్టులే కదా బావా, రెండు వారాల్లో అయిపోతుంది" అన్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. ముందే చెప్తున్నా, అది ఇంకా ఎగరలేదు. పౌర విమానాలను చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నుంచి కాగితాలు రాకుండా ఎగరకూడదు, ఆ కాగితాల కథ ఎప్పటికైనా బావే రాయాలి. నేను రాసేదంతా నేల మీద జరిగిందే.

మొదటిసారి అచ్చం ఇంటికి చేసినట్టే చేశాను. ట్రూప్ బజార్‌లో ఫ్లెక్సిబుల్ వైరు కాయిల్స్, కోఠి గుజరాతీ గల్లీలో స్లీవులు, స్విచ్‌లు, రాణిగంజ్‌లో కారు రిలేలు కొన్నాను. ప్రతి జాయింటూ సోల్డర్, అంటే కరిగించి అతికే లోహం, పెట్టి, స్లీవు తొడిగి, కేబుల్ టైలు బిగించి ఫోటో తీసి ఇంట్లో అందరికీ చూపించుకున్నాను. నిజంగానే అందంగా ఉండింది.

బావకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు, సైనిక్‌పురిలో ఉంటారు, ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన్ని ఒక ఆదివారం షెడ్డుకు తీసుకొచ్చాడు. ఆయన టార్చి కూడా తీయలేదు. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి ఒక వైరు పట్టుకుని అటూ ఇటూ నాలుగుసార్లు ఊపారు, సోల్డర్ అయిపోయిన చోట వైరు తెగి చేతికొచ్చింది.

"మంచిగనే చేసినవ్ బేటా, కానీ ఇది ఇల్లు కాదు. ఇంజిన్ 5,500 ఆర్‌పీఎంల తిరుగుతది, దాంతోపాటు ప్రతి వైరూ వణుకుతనే ఉంటది" అన్నారు.

నాకు చాలా కోపమొచ్చింది, దాచడమెందుకు. కానీ ఆయన చెప్పింది వింటే అర్థమైంది. సోల్డర్ కరిగినప్పుడు రాగి పోగుల సందుల్లోంచి లోపలికి పాకి, అంతవరకూ వైరును ఒకటే గట్టి కడ్డీలా చేసేస్తుంది. ఆ కడ్డీ ఎక్కడ ఆగి మెత్తటి పోగులు మొదలవుతాయో, వణుకంతా అక్కడే పడుతుంది. వంచి వంచి తీగ తెంపుతాం చూడండి, అదే పని ఇంజిన్ చేస్తుంది. సోల్డర్ అసలు వాడకూడదని కాదు, దాని పక్కన వైరును కదలకుండా పట్టే ఆధారం ఉండాలి, నేను ఒక్కచోట కూడా పెట్టలేదు. అందుకే విమానాల్లో ఎక్కువగా క్రింపింగే, అంటే వైరు కొసకు లోహపు ముక్క తొడిగి గట్టిగా నొక్కడమే. అదీ ప్లయర్‌తో నొక్కడం కాదు, పూర్తిగా నొక్కేదాకా వదలని రాచెట్ టూల్‌తో. ఆ ముక్కనే లగ్గు అంటారు, మంచి లగ్గులో రెండు పట్లు ఉంటాయి, ఒకటి రాగిని, రెండోది వైరు తొడుగును పట్టుకుంటుంది. వణుకును ఆపేది ఆ రెండోదే. నేను ఇన్నాళ్లూ రెండోది అలంకారం అనుకున్నాను!

వైరు కూడా మార్చాల్సి వచ్చింది. ఇంటి వైరు మీది పీవీసీ తొడుగు 70 డిగ్రీల వేడికి చేసింది, కాలితే దాంట్లోంచి హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. చిన్న క్యాబిన్‌లో, గాల్లో, ఆ పొగ ఊహించుకోండి. విమానాలకు వాడే టెఫ్‌జెల్ తొడుగు వైరు 150 డిగ్రీలు తట్టుకుంటుంది. బయటి దేశం నుంచి తెప్పించాం, ధర మా అక్కకు ఇప్పటికీ తెలియదు. అది అంతా తెల్లగానే వచ్చింది, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

పాత వైరింగ్ పీకడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. మళ్లీ చేయడానికి ఏడు నెలలు.

ఈ ఏడు నెలల్లో నా బుర్రను తిరగేసింది ఇగ్నిషన్ స్విచ్. ఇంట్లో స్విచ్ ఆఫ్ చేస్తే దారి తెగుతుంది, కరెంటు ఆగుతుంది. ఇక్కడ రివర్స్. మా ఇంజిన్ రోటాక్స్ 912, దానికి రెండు ఇగ్నిషన్లు, అంటే ఇంధనాన్ని మండించే నిప్పు రవ్వ ఇచ్చేవి, రెండూ తమ కరెంటు తామే పుట్టించుకుంటాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఇంజిన్ తిరుగుతుంది. ఆపాలంటే ఇగ్నిషన్ నుంచి స్విచ్‌కు వచ్చే వైరును ఎర్త్‌కు, ఇక్కడ ఎర్త్ అంటే బ్యాటరీ మైనస్‌కు కలిసిన లోహపు బాడీ, కలపాలి, అంటే స్విచ్ ఆఫ్ అంటే కలపడం. మరి ఆ వైరు ఎక్కడైనా తెగితే? స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఆ ఇగ్నిషన్ బతికే ఉంటుంది, తెలియక ఎవరైనా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే ప్రాణాలకే ముప్పు. ఇది తెలిసిన రోజు నుంచి షెడ్డులో ప్రొపెల్లర్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వను, మా మేనల్లుడికి నేనంటే అందుకే పడదు.

రాణిగంజ్ సరుకుతో ఇంకో దెబ్బ తిన్నాను. బ్యాటరీని మొత్తం సర్క్యూట్‌కు కలిపే మెయిన్ కాంటాక్టర్ స్థానంలో కారు స్టార్టర్ సొలనాయిడ్, అంటే స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్, పెట్టాను, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. స్టార్టర్‌ది కొన్ని సెకన్లు పనిచేయడానికి పుట్టింది, మెయిన్‌ది గంటలకొద్దీ ఆన్‌లో ఉండాలి. పావుగంటకే ముట్టుకోలేనంత కాలింది. నిరంతరం పనిచేసే రకం తెచ్చి, దాని లోపలి కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చేది, వేశాను, గీత ఉన్న వైపు ప్లస్‌కు. అది లేకపోతే ఆఫ్ చేసిన ప్రతిసారీ కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీకి స్విచ్ లోపల నిప్పు రవ్వ పుట్టి కాంటాక్టులు కాలిపోతాయి.

ఇక అసలు టెన్షన్. ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేశాం, విమానాన్ని మోకులతో కట్టేసి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి. మీటర్‌లో బ్యాటరీ దగ్గర 13.3 వోల్టులు. 14 దాకా రావాలి. ఇంజిన్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయిందన్నాను నేను. ఆ రెగ్యులేటర్ వేడికి పోతుందని పేరుంది, మాది మే నెల, పైన రేకులు, అనుమానం సహజమే. కొత్తది ఆర్డర్ పెట్టేముందు పెద్దాయనకు ఫోన్ చేశాను.

"సామాన్ మీద నెపం పెట్టేముందు జాయింట్లు చూసినవా?" అన్నారు, అంతే, పెట్టేశారు.

ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, రేడియో అన్నీ వేసి, ప్రొపెల్లర్‌కు దూరంగా క్యాబిన్ వైపు నిలబడి కొలిచాను. రెగ్యులేటర్ అవుట్‌పుట్‌కూ దాని బాడీకీ మధ్య 14.1. అంటే అది బాగానే ఉంది, మధ్యలో ఎక్కడో 0.8 వోల్టు పోతోంది. ప్లస్ వైపు కొలిస్తే 0.1. రెగ్యులేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలిస్తే 0.7! సుమారు పది ఆంపియర్లు పోతున్నాయి కాబట్టి ఆ ఎర్త్ దారిలో 70 మిల్లీ ఓమ్‌ల అడ్డు ఉంది, ఏడు వాట్లు ఊరికే వేడవుతున్నాయి. ఇంజిన్ ఆపి ఎర్త్ లగ్గులన్నీ వేలితో తాకుతూ పోయాను, ఒకటి వెచ్చగా తగిలింది. విప్పితే కింద తెల్లటి పెయింట్. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడ, ఫైర్‌వాల్‌కు బావ అంతకుముందు నెల ముచ్చటపడి వేసిన పెయింట్. బోల్టు మర మీదుగా మాత్రమే కరెంటు పోతోంది. గీకి, మెరిసేదాకా రుద్ది బిగిస్తే 0.03కు దిగింది. బావతో నేనేం అనలేదు, ఆ పెయింట్ వేసేటప్పుడు డబ్బా పట్టుకున్నది నేనే.

హెడ్‌ఫోన్‌లో హమ్మింగ్ కూడా ఇలాంటిదే, జాక్ బాడీ ప్యానెల్‌కు తగిలి రెండో ఎర్త్ దారి తయారైంది. కింద ఇన్సులేటింగ్ వాషర్లు వేస్తే పోయింది.

ఇప్పుడు జరిగేది మెయింటెనెన్స్. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి లగ్గులన్నీ చూస్తాను. బిగించిన ప్రతి నట్టు మీద మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ఒక గీత, నట్టు కదిలితే గీత విరుగుతుంది. షెడ్డులో ఎలుకలు, కాబట్టి బోను పెట్టాం. ఏడాదికొకసారి బ్యాటరీకి కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి 11 వోల్టులకు పడేదాకా ఎంతసేపు పట్టిందో బ్యాటరీ మీదే మార్కర్‌తో రాస్తాను.

ప్రతి వైరుకూ నంబరు వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అన్నీ తెల్లవే కదా మరి. మొన్న సరిచూస్తే 27వ నంబరు ప్యానెల్ దగ్గర కనిపిస్తోంది, నోట్‌బుక్‌లో లేదు. రెండో కొస ఎక్కడుందో దొరకడం లేదు. బావ కత్తిరించేయమంటున్నాడు. వచ్చే ఆదివారం సీటు విప్పి చూస్తానన్నాను.