మేనకోడలికి కాగితపు పావడా

మొన్న ఆదివారం కడపలో మా అక్క కూతురి ఓణీల వేడుక జరిగింది. మేనమామను కాబట్టి పట్టు పావడా, ఓణీ నేనే పెట్టాలి. నెల ముందే ధర్మవరం వెళ్లి తెచ్చాను. ధర్మవరం పేరు చెప్పగానే అందరూ చీరలే అంటారు గానీ, అక్కడి నేతకు వచ్చిన భౌగోళిక గుర్తింపు పేరులోనే పావడాలు కూడా ఉన్నాయి. ఆ పెట్టె మీద పెట్టి ఇవ్వడానికి, పావడా ఓణీ ఆకారంలోనే పొరలు పొరలుగా కాగితంతో ఒక శుభాకాంక్షల కార్డు నా చేతులతో చేయాలని అనుకున్నాను. రెండు సాయంత్రాల పని అనుకున్నది పదకొండు రోజులు పట్టింది. అందులో ఎనిమిది రోజులు మడతలు మింగేశాయి.

ఆకారం గీయడం సులువు. ఏ4 అట్టను సగానికి మడిచి, మడత పైకి వచ్చేలా పెట్టుకుని, రవిక భుజాలు ఆ మడతకు ఆనేలా బొమ్మ గీయాలి. భుజాల దగ్గర మడతను కత్తిరించకూడదు; కత్తిరిస్తే కార్డు రెండు ముక్కలవుతుంది. మెడ మాత్రం మధ్యలో కోసుకోవచ్చు. కార్డు కింది నుంచి పైకి తెరుచుకుంటుంది. మొత్తం ఎత్తు 14.8 సెంటీమీటర్లు. రవికకు 4 పోతే మిగిలినదంతా పావడాకే.

కుచ్చిళ్ల లెక్క నాకు ఒక్కసారికే తేలింది. ఇరవై రెండేళ్లుగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నవాడిని, ఆ మాత్రం రాకపోతే ఎలా? ఒకదాని మీద ఒకటి పూర్తిగా పడే కుచ్చిళ్లు కావాలంటే కనబడే వెడల్పుకు మూడింతల పొడవు కావాలి. పావడా అడుగున 14 సెంటీమీటర్లు కనబడాలి కాబట్టి 42 సెంటీమీటర్ల పట్టీ. నడుము దగ్గర వేళ్లతో దగ్గరికి నొక్కితే అడుగు విసనకర్రలా విచ్చుకుంటుంది.

అక్కడి నుంచి మొదలైంది కష్టం. మా ఊరి పాతూరులోని ఒక స్టేషనరీ దుకాణంలో గులాబీ రంగు గట్టి కాగితం తెచ్చాను. 180 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం 180 గ్రాములు తూగుతుందన్నమాట. పైన రంగు, లోపల తెలుపు. పొడవుగా పట్టీలు కోసి మడవడం మొదలుపెట్టాను. ప్రతి మడత మీదా రంగు పగిలి తెల్లటి గీత బయటపడింది. గీత కూడా తిన్నగా లేదు, చీమ కొరికినట్టు గరుకుగా ఉంది. నాలుగు షీట్లు పోయాయి. స్కేలు పెట్టి, సిరా అయిపోయిన రీఫిల్లుతో ముందే గాడి గీసి మడిచాను. కొంత తగ్గింది, పోలేదు. మడత మీద గులాబీ స్కెచ్ పెన్ను పూస్తే మచ్చలు పడ్డాయి. రవిక భుజాల దగ్గర 300 జీఎస్ఎం అట్టకూ అదే గతి.

ఐదో రోజు ఆ పట్టీలు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. కాగితం పాతదేమో, వేరే రకం ఉందా అని మర్యాదగానే అడిగాను. దుకాణంలో ఏడెనిమిది మంది ఉన్నారు. వారిలో ఇద్దరు నా దగ్గర చదివిన పిల్లల తండ్రులు. యజమాని నా పట్టీని అందరికీ కనబడేలా ఎత్తి చూపించి, “కాగితానికేం సారూ, మీ చేతిలోనే పని లేదు. ఇవి ఆడవాళ్లు చేసేవి. యాభై రూపాయలిస్తే తయారు కార్డు ఇస్తాను, తీసుకుపోండి” అన్నాడు. ఎవరో నవ్వారు. నేను మారు మాట్లాడకుండా బయటికి వచ్చి స్కూటర్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కోపం ఆయన మాట మీద కన్నా, ఆ మాట నిజమేమోనన్న అనుమానం మీద వచ్చింది. ఇంటికి వెళ్లి మళ్లీ ఆరు పట్టీలు మడిచాను. ఆరూ పగిలాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక మాట చెప్పాలి. సరుకు అమ్మేవాడికి సరుకు గుణం తెలిసి ఉండాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. కొన్నవాడి చేతిని నలుగురిలో తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మగవాడు మేనకోడలి కోసం కుచ్చిళ్లు మడిస్తే తలవంపులు అనేవారికి, పట్టు మగ్గం ముందు రోజంతా కూర్చునే మగవాళ్లు పక్కనే ధర్మవరంలో వందల మంది ఉన్నారని గుర్తుచేయాలి.

ఎనిమిదో రోజు గడియార స్తంభం వైపు ఒక ప్రెస్సుకు బడి ప్రశ్నపత్రాల పని మీద వెళ్లాను. అక్కడ కటింగ్ మిషను దగ్గర పనిచేసే పెద్దాయన నా సంచిలోని పట్టీ చూసి, ఏమీ అడగకుండానే పక్కనున్న దినపత్రిక అందుకున్నారు. పై నుంచి కిందికి చించారు, దారం పట్టినట్టు తిన్నగా వచ్చింది. అడ్డంగా చించారు, వంకర టింకరగా పోయింది. “నార నాయనా, నార. నువ్వు నారకు అడ్డంగా మడుస్తున్నావు” అన్నారు.

కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జు కదిలే జల్లెడ మీద పారుతుంది. అందులోని నారపోగులు ఎక్కువగా ఆ కదిలే దిశలోనే పడుకుంటాయి. నార వెంబడి మడిస్తే పోగుల మధ్య నుంచి మడత పోతుంది. అడ్డంగా మడిస్తే పోగులు విరగాలి, పైనున్న రంగు పగలాలి. ఏ4 కాగితంలో సాధారణంగా నార పొడవు వైపే నడుస్తుంది. నేను పొడవుగా పట్టీ కోసి అడ్డంగా మడుస్తున్నాను కాబట్టి మడిచిన ప్రతి మడతా నారకు ఎదురే. అట్టను సగానికి మడిచినా అంతే. తప్పు నా చేతిది కాదు, కోసిన దిశది.

నార ఎటు ఉందో తెలుసుకోవడానికి కాగితాన్ని చించనక్కర్లేదని కూడా ఆయనే చూపించారు. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూడాలి. ఏ వైపు సులువుగా లొంగుతుందో, ఆ వంపు గీత వెంబడే నార. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి, దాని మీద ఏ వైపు పొడవో గుర్తు పెట్టి, నీళ్ల మీద వేస్తే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు వైపు నార. పెద్ద షీటు నుంచి నా భుజాల మడతకు నార సరిపోయేలా ఒక అట్ట కోసి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి పట్టీలను ఏ4 అడ్డం వైపు, 21 సెంటీమీటర్లుగా కోశాను. రెండు పట్టీలు కలిపితే సరిగ్గా 42. అతుకు ఒక కుచ్చు లోపల దాగిపోయింది. గాడి గీసి మడిచాను. ఒక్క తెల్ల గీత లేదు. మా ఆవిడను లేపి చూపించాను.

అతికించేటప్పుడు ఇంకో చిక్కు ఉంది, అది మాత్రం నేనే కనిపెట్టాను. పావడాలో నార నిలువు, అట్టలో నార అడ్డం. నీళ్లుండే తెల్ల జిగురు రాస్తే కాగితం నారకు అడ్డంగా ఉబ్బుతుంది. అలా రెండు పొరలూ రెండు వైపులకు లాగి కార్డు వంకర తిరుగుతుంది. అందుకని అంతటా రెండు వైపులా అంటుకునే టేపే వాడండి. రవిక కింద మాత్రం స్పాంజి టేపు వేస్తే కొంచెం ఎత్తుగా లేచి నిలుస్తుంది. ఓణీకి గాలిపటం కాగితం. జరీకి పాత శుభలేఖల్లోని బంగారు కాగితం చాలు, దాని కోసం ఏ దుకాణానికీ పోనవసరం లేదు.

అంచు పని ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసి నేర్చుకున్నది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మల బట్టలు, నగలు రంగుతోనే కాదు, ఉలితో కొట్టిన రంధ్రాలతో కూడా మెరుస్తాయి. వెనుక దీపం పెడితే జరీ వెలుగుతుంది. నేను బంగారు పట్టీని థర్మాకోల్ మీద పెట్టి సూదితో చుక్కలు పొడిచాను. దాని వెనుక అట్టలో సన్నని కిటికీ కోసి పసుపు కాగితం అంటించాను.

బస్సులో నలగకుండా పట్టు పావడా పెట్టెలోనే పైన పెట్టి తీసుకెళ్లాను. పిల్ల కార్డు తెరిచి, ట్యూబులైటు వైపు ఎత్తి, అంచు మెరవగానే “మామా, ఇది నువ్వే చేశావా?” అంది. చుట్టాలందరి చేతుల్లోకీ వెళ్లి వచ్చింది. భుజాల మడత ఎన్నిసార్లు తెరిచారో లెక్కలేదు, చెక్కుచెదరలేదు.

మిగిలిన రెండు గులాబీ షీట్ల మీద పెన్సిలుతో నార బాణం గుర్తు గీసి, బీరువా పైన పెట్టాను. చిన్న మేనకోడలికి ఇంకా తొమ్మిదేళ్లే.