పోయేటప్పుడు పదిహేను, వచ్చేటప్పుడు పదిహేడు

బరంపురంలో అమెరికా ప్రయాణం అంటే భువనేశ్వర్ నుంచి ఢిల్లీ, అక్కణ్ణించి పైకి. ఈసారి నేను విశాఖ, సింగపూర్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాను. గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే విశాఖ నుంచి అక్కడికి సుమారు 13,300 కిలోమీటర్లు. సింగపూర్‌కి 2,900, అక్కణ్ణించి 13,580 కలిపితే 16,480. అంటే 3,180 చుట్టు. గంటకి 900 చొప్పున వేసుకుంటే మూడున్నర గంటలు దండగ అనిపిస్తుంది.

ఆ లెక్కలో గాలి లేదు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ ప్రవాహం వీస్తూ ఉంటుంది, చలికాలంలో మరీ జోరుగా. జపాన్ దాటాక ముందు సీటు తెర మీద వేగం 1,100 చూపించింది. విమానం తన 900తోనే పోతోంది, మిగతాది గాలి తోస్తున్నదే. జనవరిలో ఉదయం తొమ్మిదికి సింగపూర్‌లో లేచి, 15 గంటలు ఎగిరి, అదే తేదీ ఉదయం ఎనిమిదికి దిగాం. మధ్యలో పసిఫిక్ మీద తేదీ రేఖ ఉంది మరి, తూర్పుకి దాటితే తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది. బరంపురం నుంచి సికింద్రాబాద్‌కి రైల్లో కూడా ఇంచుమించు అంతసేపే!

ఇల్లు వదిలింది మొదలు లెక్కేస్తే ముప్పైమూడున్నర గంటలు. గాల్లో ఉన్నది 19. విశాఖ రైలుకే మధ్యాహ్నం పన్నెండుకి బయల్దేరాలి, 277 కిలోమీటర్లే అయినా. ఆ రైలు రెండు గంటలు ఆలస్యమైనా తట్టుకునేలా రాత్రి పదకొండు విమానం పెట్టుకోవాలి.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే సింగపూర్‌లో ఇమ్మిగ్రేషన్ దాటి, బ్యాగు తీసుకుని, మళ్ళీ చెకిన్ చెయ్యాలి. రెండు విమానాల మధ్య దొరికే మూడున్నర గంటలు దానికి చాలకపోవచ్చు. పైగా చవక విమానంలో సామానుకి వేరే డబ్బు, మంచినీళ్ళకీ డబ్బే.

మన అప్పడాలు స్టీలు డబ్బాలో బల్లపరుపుగా పేర్చి, చీరల మధ్య పెడితే విరగవు. ఆవకాయతోనే చిక్కు. 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో తీసేస్తారు, చెకిన్ బ్యాగులో వెయ్యాలి. ఎగిరేటప్పుడు విమానం లోపల గాలి ఒత్తిడి ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ కంటే పైన ఉన్నట్టుంటుంది (కొండ 1,672 మీటర్లే). సీసాలో మిగిలిన గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది. అందుకే అంచుదాకా నింపి, మూత బిగించి, రెండు పాలిథిన్ కవర్లలో కట్టాలి. సగం సీసా పంపితే చీరలకే ఆవకాయ.

తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురు. వేగం 780కి పడింది, పైలట్లు గాలిని తప్పించుకోవడానికి ఉత్తరంగా వంగారు, మొత్తం 17 గంటలు. ఒకటో తేదీ రాత్రి పదకొండుకి ఎక్కితే మూడో తేదీ ఉదయం ఎనిమిదికి సింగపూర్. రెండో తారీఖు కనబడకుండా పోయింది.

అసలు మంట ఆ తరువాత. విశాఖ విమానం రాత్రిదే, ఎందుకంటే విశాఖలో రాత్రి పదకొండుకి లేచేది అక్కడికి పదిన్నరకి వచ్చిన అదే విమానం. సింగపూర్‌లో పదమూడు గంటలు కూర్చోవాలి. కాఫీ ధర చూశాక నీళ్ళ కుళాయి ఎక్కడుందో వెతుక్కున్నాను. రాత్రి విశాఖలో దిగాక, బరంపురం రైలు అర్ధరాత్రి దాటాకే.