హంస మెడ

రాత్రి 12:30 అయింది. చిన్నది పండుకున్నది, అత్తమ్మ ఇంకా దగ్గుతనే ఉన్నది. నాకే నిద్ర పడుతలేదు. కండ్లు మూస్తే ఆ రంపం చప్పుడే.

రేపు నిమజ్జనం. క్లబ్బు పోరగాండ్లతోటి కలిసి ఈసారి ట్రాలీ మీద గణపతి వెనక కాకతీయ తోరణం కడుతున్నం. ఖిల్లా వరంగల్ల నాలుగు దిక్కుల నిలబడ్డదే, రాష్ట్ర ముద్రల ఉన్నదే. కంక బొంగులు, సుత్లి, థర్మోకోల్, మైదా జిగురు. 8 రోజుల సంది ఇదే పని. రంగుల థిన్నర్ ఉంటే థర్మోకోల్ కరిగిపోతదని నీళ్ల రంగులే తెప్పించిన. చెరువుల గణపతి ఒక్కడే దిగుతడు, మట్టి గణపతి. తోరణం ట్రాలీతోటే వాపస్ రావాలె అని మొదటి రోజే అందరితోటి ఒప్పించిన.

తోరణం పైన రెండు కొసలకు రెండు హంసలుంటయి గద, అవి నేను చేస్త అని అడిగి తీసుకున్న. మూడు రాత్రులు పట్టింది. వేడి తీగ మెడ వంపు కాడ ఒక్క రవ్వ ఎక్కువసేపు ఆగిందంటే అక్కడ గుంట పడుతది. ఎడమ హంస రెండుసార్లు ఖరాబైంది. మూడోసారికి కుదిరింది. కుదిరినప్పుడు చిన్నదాన్ని నిద్ర లేపి చూపించిన.

సాయంత్రం బడి నుంచి పోయి చూస్తే రెండు హంసలు గోడకు ఆనిచ్చి ఉన్నయి. "అక్కా, తొవ్వల కరెంటు తీగలు తగుల్తయట. పైన రెండు ఫీట్లు కోసేసినం" అన్నడు పోరడు, నా మొహం చూడకుంట. ఎడమ దాని మెడ విరిగింది. రంపం పెట్టి కోసిండ్రు. వేడి తీగతోటి కోసినా బాగుండు. ఒక్క ఫోన్ చెయ్యకపోయిరి! అది చాలదన్నట్టు ట్రాలీ పక్కకు పెద్ద చందా ఇచ్చినాయన ఫ్లెక్సీ ఎక్కింది. తోరణం కింది కంబాలు, వాటి మీద చెక్కిన పూలు సగం దానెనక పోయినయి. ఎవరితోటి మాట్లాడకుంట హంసలు రెండు స్కూటీ మీద పెట్టుకొని ఇంటికొచ్చిన. "థర్మోకోలే గద" అన్నడు మా ఆయన. ఆ మాటకు అన్నం కూడ సహించలే.

పండుకున్నంక బాపు యాదికొచ్చిండు. ఆజంజాహి బట్టల మిల్లు 1990 దశకంల మూతపడ్డది. 1934ల పెట్టిన మిల్లు; బాపుకు ఊహ తెలిసిన కాడికెళ్లి అదే లోకం. మూతపడ్డంక మా గల్లీల చందా ఇచ్చే చెయ్యే లేదు. బాపు సందుగల నుంచి మిల్లు బట్ట తాను తీసిండు. అమ్మ అంచులు పసుపుల ముంచింది. ఆ బట్టతోటే ట్రాలీ చుట్టు కట్టి, మీద కంకలతోటి గోపురం లేపిండ్రు. నిమజ్జనం ముందురోజు చీకటి పడ్డంక బాపు ఒక పొడుగు కంక నిలువుగ పట్టుకొని చిన్నవడ్డేపల్లి చెరువు దాక నడిచిండు. ట్రాలీ ఎత్తు, గోపురం ఎత్తు కలిపి కోసిన కంక అది. నేను బ్యాటరీ లైటు పట్టుకొని ఎనుక. తీగ వచ్చిన ప్రతి కాడ దూరంగనే ఆగి, తలెత్తి, కన్ను పెట్టి చూసుడు. ఒక మలుపు కాడ చానసేపు నిలబడ్డడు. ఇంటికొచ్చి, ఎవరికి చెప్పకుంట, తను కట్టిన గోపురం కొస తనే కోసిండు. కోసినంక ఆ బట్టను మల్ల మడతలు పెట్టి అమ్మకిచ్చిండు.

ఇది రాసేదాక నాకు తట్టలే. 8 రోజులల్ల నేను ఒక్కనాడన్న ఆ తొవ్వ నడిచిన్నా? ఎట్ల కొలువాలెనో క్లబ్బుల నాకొక్కదానికే తెలుసు. హంసల మీదనే కూసున్న. పోరగాండ్లు ఆఖరు దినం పోయి చూసిండ్రు, భయపడ్డరు, కోసిండ్రు. ట్రాలీ మీద పదిమంది చిన్నపిల్లలు ఎక్కుతరు. వాళ్లు చేసింది సరైందే. వాని మొహం చూడకుంట వచ్చుడు నాదే తప్పు.

ఫ్లెక్సీ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. పొద్దున అది కిందికి జరగాలె, కంబాలు కనపడాలె.

ఇప్పుడే లేచిపోయి చూసొచ్చిన. పండుకునే ముందు విరిగిన మెడల అగరుబత్తి పుల్ల గుచ్చి జిగురు పెట్టిన, నిలబడ్డది. అతుకు కాడ గీత కనపడుతున్నది, రంగేస్తె పోతది. పైన కాదు, గణపతి పాదాల కాడ ఇటొకటి అటొకటి పెడుత. 6 గంటలకు పోవాలె. పోరనికి చాయ్ ఫ్లాస్కుల పోసుకపోత.